గీసిన చెయ్యి

"తేలడానికి కుట్టిన కోట్లు అన్నయ్యా! తేలడానికి! అవే మునిగిపోతే ఇంక నా కుట్టెందుకు, నేనెందుకు?"

మేనత్త మూడో అంతస్తులో అన్న ఇంటి గుమ్మంలో నిలబడి చేతిలో ఉన్న కోటును మెలిపెట్టి పిండింది. బూరుగు దూది తాగిన నీళ్ళన్నీ గడప మీద ధార కట్టాయి. అలాంటి కోట్లు కింద ఆమె ఇంట్లో ఇంకా ముప్ఫై ఎనిమిది ఉన్నాయి. మైనం పూసి ఉంటే నెల రోజులు నీళ్ళలో పడి ఉన్నా చుక్క లోపలికి పోయేది కాదు. రేపు పూద్దామని నేల మీద పేర్చి పెట్టింది.

గుర్తుల మేస్త్రీ మంచం అంచున కూర్చుని ఉన్నాడు. రెండు కళ్ళకీ శుక్లాలు కమ్మాయి. చెల్లెలు ఎటు నడిస్తే అటు తల తిప్పుతున్నాడు.

"ఆఫీసు వాళ్ళు నలభై అన్నారు. నా గడప నలభై మూడు. మూడు గుర్తులు వెలితి ఉంటుంది, హాయిగా పడుకోమన్నావు. అన్నావా లేదా?"

"అన్నాను."

"మరి తెల్లారేసరికి నీళ్ళు నా గడప దాటి ఎలా వచ్చాయి?"

 దానికి జవాబు ఉన్న పిల్ల, మేస్త్రీ కూతురు, గోడ పక్కన కూర్చుని నాయనమ్మ పాదాలు తుడుస్తోంది. సన్నటి కాళ్ళు, ఒక చోట నిలవని తిరుగుడు చూసి చిన్నప్పుడే మేడలో అందరూ ఆమెకి తూనీగ అని పేరు పెట్టారు. పదిహేడేళ్ళు వచ్చినా ఆ పేరే ఉండిపోయింది.

ఆ మేడలో నేల అంతస్తూ, మొదటి అంతస్తూ ఆమె పుట్టక ముందే నీళ్ళపాలయ్యాయి. మిగిలిన వాటిలో ముప్ఫై మంది ఉంటున్నారు. మెట్ల గోడ మీద కింది నుంచి పైదాకా అంకెలు వేసిన గీతలుంటాయి. ఏడాదికి రెండుసార్లు పెద్ద పోటు వస్తుంది. వచ్చే ముందు రోజు నీళ్ళ ఆఫీసు వాళ్ళు సైరను మోగించి అంకె చెబుతారు. ఆ అంకె తమ గోడ మీద ఎక్కడుందో చూసుకుని, సామాను నేల మీద ఉంచాలో అటకెక్కించాలో జనం తేల్చుకుంటారు. గీతలు సరిగ్గా గియ్యడం మేస్త్రీ పని. గీత తప్పితే ఏం చెయ్యాలో కూడా అదే గోడ మీద రాసి ఉంది: గీసిన చెయ్యి ఈ మేడలో ఉండకూడదు.

అంటే గురువారం వచ్చే పెద్ద పడవెక్కి కొండ శిబిరానికి పోవాలి. అక్కడికి పోయిన వాళ్ళు ఇంతవరకూ ఒక్కరూ తిరిగి రాలేదు. రావద్దని ఎవరూ అనరు. నియమం కింద పంపేసిన వాళ్ళ చోటులో మర్నాటికే ఇంకొకరి పక్క పరిచి ఉంటుంది, అంతే.

"అరవకే," అంది నాయనమ్మ కూతురితో. "రాత్రి నీ ఇంట్లో చాప మీద పడుకున్నదాన్ని పోటు పడుకున్నట్టే తేల్చింది. డెబ్భై తొమ్మిదేళ్ళకి నాకు ఈత వచ్చింది. సంతోషించు."

"నీకు నవ్వులాటగా ఉందమ్మా. తలుపు బిగుసుకుపోయి తెరుచుకోకపోతే నిన్నెలా బయటికి లాగానో నాకు తెలుసు. భుజం పెట్టి తోసీ తోసీ నా రెక్క ఊడింది."

నాయనమ్మ నవ్వుతోంది గానీ దుప్పటి కింద వణుకు ఆగలేదు. ఆ వణుకు తూనీగ చేతులకి తెలుస్తోంది.

అత్త ఈసారి మేనకోడలి వైపు తిరిగింది. "నువ్వేం మాట్లాడవే? గీతలు గీసినప్పుడు నాన్న పక్కనే ఉన్నావుగా?"

తూనీగ నోరు తెరిచింది.

"దాన్నెందుకు మధ్యలోకి లాగుతావు?" మేస్త్రీ గొంతు పెద్దదైంది. "తాడు నాది. రంగు నాది. చెయ్యి నాది."

"కళ్ళు మాత్రం ఎవరివీ కావు! కనపడటం లేదని ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది అన్నయ్యా?"

ఆ మాట అన్నాక అత్తకే బాధ కలిగినట్టుంది. తడి కోటును గుమ్మంలోనే పడేసి చీర చెంగుతో మొహం తుడుచుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

* * *

పది గంటలకి పై అంతస్తు నుంచి డాక్టరు గారు వచ్చాడు. ఆయన పశువుల డాక్టరు. నీళ్ళొచ్చాక ఊళ్ళో పశువులు లేకుండా పోయాయి. మేడలో మిగిలినవన్నీ రెండుకాళ్ళవే కాబట్టి వాటికే మందిస్తున్నానని తనే అంటూ ఉంటాడు. మేడ పెద్ద కూడా ఆయనే. ఇవాళ ఆ పాత హాస్యం జోలికి పోలేదు.

"సాయంత్రం పోటు కూడా నలభైయేనట," అన్నాడు నిలబడే. "ఆరింటికి అందరం మెట్ల మీద కూడదాం. తాడు వేలాడదీసి చూస్తే ఎవరికీ అనుమానం ఉండదు. అంతదాకా తాడు నా దగ్గర ఉంచుతాను మేస్త్రీ. ఏమీ అనుకోకు."

"తీసుకెళ్ళండి. మేకుకే ఉంది."

డాక్టరు గారు తాడు దించుకున్నాడు. నైలాను తాడు. గీతకొక ముడి, పది ముడులకొక ఎర్ర పీలిక. దాని ఒక కొసను డాబా కింద ఉన్న ఇనప కొక్కేనికి తగిలించి, రెండో కొసకి రాయి కట్టి మెట్ల మధ్య సందులోకి వదులుతారు. ఏ ముడి ఎక్కడ ఆగితే అక్కడ గోడ మీద ఆ అంకె గీత పడాలి.

"ఆ నియమం నేను పెట్టింది కాదు," అన్నాడాయన వెళ్ళబోతూ.

"మీ నాన్నగారు పెట్టారు."

"అవును. ఆయన పోయాడు, ఇది మిగిలింది."

ఆయన చెప్పుల చప్పుడు నాలుగో అంతస్తు చేరింది. నాయనమ్మ కునుకు తీస్తోంది. లేదా కునుకు నటిస్తోంది. ఆవిడ విషయంలో తేల్చి చెప్పడం కష్టం.

"నాన్నా," అంది తూనీగ.

"ఊఁ."

"నేనొకటి చెప్పాలి."

"వద్దు."

"వినకుండానే వద్దంటే ఎలా?"

"సాయంత్రం నువ్వు మెట్ల మీదికి రావు. వచ్చినా నోరు విప్పవు. నాయనమ్మని చూసుకోవడానికి ఒక మనిషి ఇంట్లో ఉండాలి. ఆ మనిషివి నువ్వు. అయిపోయింది."

"నీకు రెండు అడుగుల దూరంలో ఏముందో కనపడదు. శిబిరంలో నీకు నీళ్ళ కుండ ఎక్కడుందో ఎవరు చూపిస్తారు?"

"అడిగితే ఎవరో ఒకరు చూపిస్తారు. మనుషులేగా అక్కడుండేది."

 మేస్త్రీ గుండీ ఊడిందని చొక్కా విప్పి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె సూదిలో దారం ఎక్కించింది. మూడు గుండీలు గట్టిగానే ఉన్నాయి, ఒక్కటే ఊడింది. ఆమె నాలుగూ మళ్ళీ కుట్టింది. పడవలో చొక్కా గుండీ ఊడితే కుట్టిపెట్టే వాళ్ళుండరని తోచి, అంతలోనే అలా తోచినందుకు తన మీద తనకి కోపం వచ్చింది.

నాలుగు నెలల నుంచి ఆ మాట ఆమె గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేదు, కక్కలేదు.

గీతలు గీసింది మేస్త్రీ కాదు. కళ్ళు బాగా మందగించాక ఈ ఏడే మొదటిసారి ఆమె చేతికి కుంచె ఇచ్చాడు. పని ఎలా చెయ్యాలో పదిసార్లు చెప్పాడు. తాడు ముందు రోజే నీళ్ళలో జారిపడి తడిసింది. నైలాను తాడు తడిస్తే సాగుతుంది. సాగిన తాడుతో గీస్తే గీతలన్నీ ఉండాల్సిన చోటు కన్నా కిందికి పడతాయి. అందుకని డాబా మీద ఒక రోజంతా ఎండబెట్టాక గాని కొక్కేనికి తగిలించకూడదు.

ఆమె ఎండబెట్టలేదు. గురువారం రావాల్సిన పెద్ద పడవ ఆసారి బుధవారమే వచ్చింది. ఆ పడవలో వదిన వెళ్ళిపోతోంది. అత్త కూతురు ఆమె. వయసులో ఏడాది పెద్ద. మేడలో ఆ ఈడు వాళ్ళు వాళ్ళిద్దరే. శిబిరంలో నర్సు చదువు చెబుతారంటే పేరు ఇచ్చింది. అమ్మని వదిలి ఎలా వస్తానని అత్త ఉండిపోయింది. తూనీగ తడి తాడుతోనే అరగంటలో గీతలన్నీ గీసేసి, రంగు చేతులతో రేవుకి పరుగెత్తింది. పడవ వీపు మాత్రం కనపడింది. చెయ్యి ఊపింది గాని అటు నుంచి ఎవరు చూశారో ఎవరు చూడలేదో తెలియలేదు.

అప్పటి నుంచి తను రోజుకి ఇరవై మాటలు కూడా మాట్లాడటం లేదని ఒకసారి లెక్క వేసుకుంది. ఆ లెక్క చెప్పడానికి కూడా మనిషి లేదు. నాన్నతో మాట్లాడేవి పనికొచ్చే మాటలు. నాయనమ్మ తనతో కాకుండా పాత రోజులతో మాట్లాడుతుంది. అత్త ఇంటికి పోతే వదిన మంచం ఖాళీగా కనపడుతుందని అటు పోవడం మానేసింది. ఇన్ని నీళ్ళ మధ్య ఇంతమందితో ఉంటూ ఒక్కత్తినే అయిపోయానని ఆమెకి దిగులు. ఇప్పుడు ఉన్న ఒక్క నాన్నా తన తప్పు నెత్తిన వేసుకుని పోతానంటున్నాడు.

గీశాక వచ్చిన మొదటి పెద్ద పోటు ఇదే. తప్పు బయటపడింది.

* * *

సాయంత్రం ఆరయ్యేసరికి మెట్ల మీద నిలబడటానికి చోటు లేదు. నాయనమ్మ "వెళ్ళవే, నేనెక్కడికీ ఈదిపోను" అంటే తూనీగ కూడా వచ్చింది. కూతురి అడుగుల చప్పుడు గుర్తుపట్టి మేస్త్రీ మొహం చిట్లించాడు. 

నీళ్ళు రెండో అంతస్తు గడప దాటి అత్త ఇంట్లోకి మళ్ళీ వచ్చాయి. గోడ మీద సరిగ్గా నలభై నాలుగో గీత దగ్గర ఆగి ఉన్నాయి.

"రేపు తాడుదే తప్పంటారేమో," అన్నాడు వెనక నుంచి పడవల వెల్డరు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు."

"తాడు జోలికి పోవద్దు," అన్నాడు మేస్త్రీ. "గీతలు గీసింది నేను. తప్పు నా చేతిది. గురువారం పడవలో నాకు చోటు చెప్పండి డాక్టరు గారూ. మా అమ్మాయినీ మా అమ్మనీ ఇల్లు కదపొద్దు, అదొక్కటే నేను అడిగేది."

అత్త తల వంచుకుంది. 

"గీసింది నాన్న కాదు!"

తూనీగకి తన గొంతు తనదిలా వినపడలేదు. అందరూ తిరిగారు.

"నేను గీశాను. తడి తాడు వేలాడదీశాను. ఎండబెట్టాలని తెలుసు. తెలిసే గీశాను. వదిన పడవ వెళ్ళిపోతోందని..."  "పోవాల్సింది నేను," అని మాత్రం అనగలిగింది.

మెట్ల మీద గుసగుసలు లేచాయి. మేస్త్రీ రెండు మెట్లు తడుముకుంటూ దిగి, ఆమె భుజం ఎక్కడుందో వెతికి పట్టుకున్నాడు.

"తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఆ రోజు నువ్వు రేవుకి పరుగెత్తావు. తాడు మేకుకి తగిలిస్తుంటే చేతికి తడి తగిలింది. మర్నాడు ఎండబెట్టాను. ఆ పై రోజు నీ గీతలన్నీ కిరసనాయిలు గుడ్డతో తుడిచేసి మళ్ళీ గీశాను. ముడి ముడికీ వేలు పెట్టి తడుముకుని గీశాను. ఆ రెండు రోజులూ నువ్వు గోడ వైపు తిరిగి పడుకునే ఉన్నావు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏడవడానికి నీకు అప్పటికి ఒక కారణం ఉంది. రెండోది ఎందుకులే అనుకున్నాను." ఆయన మిగతావాళ్ళ వైపు తిరిగాడు. "కాబట్టి ఇప్పుడు గోడ మీదున్నవి నా గీతలు. గుడ్డి చేతులు. వాటిని నమ్మి మిమ్మల్ని హాయిగా పడుకోమన్నాను."

నాలుగు నెలలుగా తను మోసింది ఖాళీ మూట అని తూనీగకి అర్థమయింది. అయినా బరువు దిగలేదు. మూట నాన్న నెత్తి మీదికి మారింది.

డాక్టరు గారు గొంతు సవరించుకున్నాడు. "ఎవరి చెయ్యో తర్వాత చూద్దాం. ముందు తాడు వదలండి."

వెల్డరు పైకి పోయి తాడు కొక్కేనికి తగిలించాడు. రాయి మెట్ల సందులోంచి నెమ్మదిగా దిగి నీళ్ళలోకి పోయింది. తాడు ఊగి ఊగి నిలబడింది. డాక్టరు గారు వంగి, ఎర్ర పీలిక ఉన్న యాభయ్యో ముడిని గోడకి చేర్చాడు. అక్కడే ఆగిపోయాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. నలభై ఎనిమిది చూశాడు. నలభై ఆరు చూశాడు. నీళ్ళకి కాస్త పైనున్న నలభై అయిదు కూడా చూశాడు.

"వెంట్రుకవాసి తేడా లేదు," అన్నాడు. "మేస్త్రీ, నీ గీతలు సరిగ్గా ఉన్నాయి."

ఎవరికీ ముందు అర్థం కాలేదు. తర్వాత వెల్డరు పై నుంచి కేకేశాడు: "అయితే అంకె తప్పు చెప్పింది ఆఫీసు వాళ్ళేగా!"

అంతే. కట్ట తెగినట్టయింది. అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. ఆఫీసు వాళ్ళని తిట్టనివాడు పాపాత్ముడు. రేపే ఉత్తరం రాసి కడిగేస్తానన్నాడు డాక్టరు గారు. మునిగిన కోట్లన్నీ వాళ్ళ మెడకి చుడతానంది అత్త. ఎవరో తూనీగ తల నిమిరారు. "తండ్రి కోసం ఎంత తెగించావే!" అంది పక్కింటి పెద్దావిడ. "మాకు తెలుసులే, మన మేస్త్రీ చెయ్యి తప్పదని" అన్నాడు పొద్దుటి నుంచి మొహం చాటేసిన ఒకాయన. నాలుగు నెలల్లో ఇంతమంది ఆమెతో మాట్లాడటం ఇదే మొదలు. ఆమె నవ్వింది. నవ్వుతుంటే బుగ్గలు నొప్పి పుట్టాయి.

మేస్త్రీ ఒక్కడూ నవ్వలేదు. మలుపు దగ్గరున్న కిటికీ దాకా గోడ పట్టుకుని నడిచాడు.

"తూనీగా, ఇలా రా. ఎదుటి బడి గోడ కనపడుతోందా?"

"కనపడుతోంది."

"దాని మీద ఆఫీసు వాళ్ళ గీతలుంటాయి. వాళ్ళు యంత్రాలతో గీసుకున్నవి. కళ్ళు బాగున్నప్పుడు నేను రోజూ అటు చూసేవాణ్ణి. కళ్ళు పోయాక ఆ అలవాటు పోయింది. నీళ్ళు అక్కడ ఎంత దాకా ఉన్నాయి?"

వెలుతురు ఇంకా ఉంది. సందుకి అవతల బడి గోడ పన్నెండు బారల దూరంలో ఉంది. నల్లటి అంకెలు స్పష్టంగా కనపడుతున్నాయి.

"నలభై."

"మళ్ళీ చూడు. పడవ పోయిందేమో, అల తగ్గనీ."

ఆమె అల తగ్గేదాకా ఆగింది. నీళ్ళు అద్దంలా నిలబడ్డాయి.

"నలభైయే నాన్నా."

మేస్త్రీ కిటికీ చువ్వ పట్టుకున్నాడు. తూనీగ అటు చూసింది, ఇటు మెట్ల గోడ చూసింది. అక్కడ నలభై. ఇక్కడ నలభై నాలుగు. సందుకి ఆ పక్కన ఒక ఎత్తు, ఈ పక్కన ఒక ఎత్తు నీళ్ళు నిలబడవు. ఆఫీసు వాళ్ళు అబద్ధం చెప్పలేదు. తాడు అబద్ధం చెప్పలేదు. నాన్న చెయ్యి తప్పలేదు.

"మేడ కుంగింది," అంది. ఆ మాట అన్నది తనే అని కాసేపటికి గాని తెలియలేదు. "నాలుగు గుర్తులు కుంగింది."

"గట్టిగా అనకు." ఆయన గొంతులో అంతవరకూ ఆమె ఎరగని భయం ఉంది. "పోయిన పెద్ద పోటుకి అంకె కలిసింది. ఇంతలోనే నాలుగు. ఇంకెంతకి ఆగుతుందో, అసలు ఆగుతుందో లేదో." ఇంకా మెల్లిగా అన్నాడు, "నా చెయ్యి తప్పయి ఉంటే ఎంత బాగుండేది తల్లీ. నేనొక్కణ్ణీ పోయేవాణ్ణి."

వెనక మెట్ల మీద ఇంకా నవ్వులు వినపడుతున్నాయి. తనని కూడా ఆ నవ్వుల్లోకి రానిచ్చి పట్టుమని పావుగంట కాలేదు. ఆమెకి ఏడుపొచ్చింది. ఈ ఒక్క సాయంత్రం గడిచాక చెప్పకూడదా అనిపించింది. రేపు చెప్పొచ్చు. ఒక్క రాత్రికి ఏమవుతుంది?

ఏమవుతుందో ఆమెకి తెలియదు. నాన్నకీ తెలియదు.

"నువ్వు చెప్పు నాన్నా."

"నేను చెబితే గుడ్డివాడి మాట. నువ్వు చూశావు. నువ్వే చెప్పాలి." ఆయన కిటికీ చువ్వ వదిలాడు. "ఎప్పుడు చెబుతావో కూడా నీ ఇష్టం. నేను తొందర పెట్టను."

అప్పుడే అత్త కింది నుంచి చీర పైకి దోపుకుని ఎక్కి వచ్చింది. మొహం కడుక్కుని ఉంది. పొద్దుటి నుంచి ఆ మొహం మీద నవ్వు కనపడటం ఇదే మొదటిసారి. వచ్చీ రాగానే అన్న చెయ్యి పట్టుకుంది, క్షమించమనడం చేతగాక వదిలేసింది. మేనకోడలి గడ్డం పుణికింది.

"ఏమే, పొద్దున ఏదేదో అన్నాను, మనసులో పెట్టుకోకు. పోటు ఇవాళ్టితో సరి, ఇంకో గంటలో నీళ్ళు తీసేస్తాయి. ఇల్లంతా తుడుచుకుందాం, నాతో రా. ఇంక నుంచి నా దగ్గరే పడుకో. మీ వదిన మంచం ఎత్తుగా ఉంది కదా, అది తడవలేదు. నాలుగు నెలల నుంచి ఆ ఇంట్లో నాకూ మాట్లాడే దిక్కు లేదే."

ఆ పిలుపు కోసం నాలుగు నెలలు ఎదురుచూశానని తూనీగకి ఆ క్షణంలో తెలిసింది. అత్త చెయ్యి వెచ్చగా ఉంది. ఆ చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోవాలని ఆమె ప్రాణం లాగింది.

"అత్తా," అంది. "ఆ ఇంట్లో ఇవాళ ఎవరూ పడుకోవద్దు. నువ్వు కూడా."

కింది మెట్ల మీద ఎవరో మాట మధ్యలో ఆగారు. డాక్టరు గారు తాడు చుట్టుకుంటూ తల పైకెత్తాడు.

"ఎందుకే?" అంది అత్త, ఇంకా నవ్వుతూనే.